లక్ష చివర పది విస్తళ్లు



మీ ఇంట సత్యనారాయణ వ్రతం జరిగినా, గృహప్రవేశం జరిగినా, వినాయక చవితి నాడు పిల్లాపాపలతో పీటల మీద కూర్చున్నా, పూజారంభంలో పురోహితుడు మీచేత సంకల్పం చెప్పిస్తాడు. ఆచమనం చేసి, ప్రాణాయామం ముగించి, అక్షతలు చేతబట్టి మీరు ఆయన వెంట పలికే మాటల్లో ‘పరార్ధం’ అనేది ఒకటి ఉన్నది. ఆ మాటను మీరు జీవితంలో ఎన్ని వందల పర్యాయాలు పలికి ఉంటారో లెక్కలేదు. అయితే దాని అర్థమేమిటని ఎన్నడైనా విచారించారా? అది ఒక సంఖ్యకు పేరు. వేదమాత వరుసగా పేరుపెట్టి పిలిచిన సంఖ్యల్లో అది చిట్టచివరిది.

ఇటీవల బోధన్ సమీపాన ఒక గృహప్రవేశానికి వెళ్లాను. సంకల్పం ముగిసి కలశస్థాపనకు సిద్ధమవుతుండగా ఆ ఇంటి పిల్లవాడు, ఆరో తరగతి చదువుతున్నవాడు, నా పక్కన చేరి అడిగాడు. “పంతులుగారూ, మిలియన్ తర్వాత బిలియన్, దాని తర్వాత ట్రిలియన్ అని మా బడిలో చెప్పిండ్రు. మన లెక్కల కోటి తర్వాత ఏమొస్తది?” తండ్రి అందుకొని “పది కోట్లు” అన్నాడు. “దాని తర్వాత?” “వంద కోట్లు.” “అవి కొత్త పేర్లు కావు కదా డాడీ, కోటినే మళ్లీ మళ్లీ అంటున్నవ్” అన్నాడు పిల్లవాడు. పక్కనే ఉన్న తాతగారు నవ్వి ఊరుకున్నారు. మూడు తరాల వారు కూర్చున్న ఆ ఇంట్లో కొన్ని నిమిషాల క్రితమే అందరి నోటా ‘పరార్ధం’ అనే మాట వెలువడింది. పిల్లవాని ప్రశ్నకు సమాధానం వారి నోటనే ఉన్నది, కాని వారికి తెలియదు.

ఆనాడు ఆ బాలునికి చెప్పిన విషయాన్నే కొంత విస్తరించి మీ ముందు ఉంచుతున్నాను. దానితోపాటు, ఈ సంఖ్యల విషయంలోనే నేను చేసిన ఒక తప్పును కూడా చెప్పుకోవలసి ఉన్నది.

యాగశాలలో పలికిన పేర్లు

కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహితలో సంఖ్యానామాలు ఒక వరుసలో వస్తాయి. శతం అంటే నూరు, సహస్రం అంటే వేయి. ఆపైన అయుతం పదివేలు, నియుతం లక్ష, ప్రయుతం పది లక్షలు, అర్బుదం కోటి, న్యర్బుదం పది కోట్లు, సముద్రం నూరు కోట్లు, మధ్యం వేయి కోట్లు, అంతం పదివేల కోట్లు, పరార్ధం లక్ష కోట్లు. ఒక్కొక్కటి దాని ముందరి దానికి పదిరెట్లు. పరార్ధమంటే ఒకటి పక్కన పన్నెండు సున్నలు. ఈనాడు రాష్ట్ర ప్రభుత్వాల బడ్జెట్ల గురించి పత్రికల్లో మీరు చదివే ‘లక్ష కోట్లు’ అనే మొత్తానికి వేదం ఏనాడో ఒక్క మాటలో పేరు పెట్టింది.

ఇంతటి సంఖ్యలతో ఆ ఋషులకు పనేమిటి? ఇదే ముఖ్యమైన ప్రశ్న. ఈ వరుస అక్కడ ఏ రాజు బొక్కసం లెక్కలోనో, ఏ వర్తకుని చిట్టాలోనో రాలేదు. రెండు యజ్ఞ సందర్భాలలో వచ్చింది.

మొదటిది అగ్నిచయనం. గరుడాకారంలో ఇటుకలతో వేదిని పేర్చే మహాక్రతువు అది. ఐదు వరుసలుగా, వరుసకు రెండువందల చొప్పున, తొలిసారి చయనం చేసే యజమాని వేయి ఇటుకలు పేరుస్తాడు. చేతితో తడిమి లెక్కపెట్టిన ఇటుకలు వేయి మాత్రమే. వేది పూర్తయిన పిమ్మట ఆ ఇటుకలు తనకు పరలోకంలో పాలిచ్చే ధేనువులు కావాలని అతడు ప్రార్థిస్తాడు. ఒకటి, నూరు, వేయి అని మొదలుపెట్టి పరార్ధం దాకా పలుకుతాడు. తన చెమటతో పేర్చిన వేయి ఇటుకల మీద నిలబడి లక్ష కోట్ల వరకు చూపు సారించాడన్న మాట. ముందు చేసినది వేయి, తరువాత కోరినది పరార్ధం. ఈ క్రమాన్ని దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి.

రెండవది అశ్వమేధంలోని అన్నహోమం. నెయ్యి, తేనె, బియ్యం, అటుకులు, పేలాలు, సత్తుపిండి మొదలైన పది రకాల ఆహారద్రవ్యాలను రాత్రంతా అగ్నికి సమర్పిస్తారు. అప్పుడు శతానికి, సహస్రానికి, అయుతానికి, ఇలా పరార్ధం వరకు ఒక్కొక్క సంఖ్యకూ స్వాహా అని ఆహుతి పడుతుంది. పరార్ధం తరువాత ఏ సంఖ్య వస్తుంది? సంఖ్య రాదు. ఉషస్సు వస్తుంది. ఉషస్సుకు, ఉదయింపబోతున్న సూర్యునికి, ఉదయిస్తున్న సూర్యునికి, ఉదయించిన సూర్యునికి, చివరకు సర్వానికీ ఆహుతులు. లెక్క ముగిసేసరికి తెల్లవారుతుందన్న మాట. ఆ సంఖ్యలన్నీ అన్నం చేతబట్టుకొని, ఇచ్చేటప్పుడు పలికినవి. ‘నాకు ఇంత ఉన్నది’ అని చెప్పుకునేటప్పుడు పలికినవి కావు.

మా సీమకు ఉన్న సంబంధం

ఇందూరు ప్రాంతం వారమైన మనకు ఈ విషయంతో మరికొంత దగ్గరి చుట్టరికం ఉన్నది. పూర్వం పదహారు మహాజనపదాలలో గోదావరీ తీరాన వెలసిన అశ్మక దేశానికి రాజధాని పోదనం. అదే నేటి మన బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 499 ప్రాంతంలో ఆర్యభటీయం రచించిన ఆర్యభటుని, 629లో దానికి భాష్యం వ్రాసిన మొదటి భాస్కరుడు అశ్మకునిగా పేర్కొన్నాడు. ఒక స్థానం నుండి తరువాతి స్థానం పదిరెట్లు కావాలన్న నియమాన్ని సూత్రీకరించి, పది స్థానాలకు పేర్లు చెప్పిన మహనీయుడు ఆర్యభటుడు. రాష్ట్రకూటుల ఏలుబడిలోనూ బోధన్ వైభవంగా వర్ధిల్లింది. ఆ రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలోనే, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రచించి ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఖర్వం, పద్మం, శంఖం, క్షితి, క్షోభం వంటి పేర్లు అందులోనివే. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. నన్నయకు సన్నిహితమైన కాలంలోనే తెలుగువాడు తన భాషలో గణితం చెప్పుకున్నాడంటే అది మనకు గర్వకారణం.

అయితే, ఈ పేర్లు అన్ని గ్రంథాలలోనూ ఒకే విలువను చెప్పవు. దీనిని దాచవలసిన పనిలేదు. యజుర్వేదంలో అర్బుదమంటే కోటి. ఆర్యభటునికి పది కోట్లు. మహావీరునికి వేయి కోట్లు. నిజామాబాదు గంజిలో ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడే వ్యాపారులు ‘అరబ్’ అనేది ఈ అర్బుదాన్నే, కాని వారి లెక్కలో అది నూరు కోట్లు. వేదంలో లక్ష కోట్లయిన పరార్ధం 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలో ఒకటి పక్కన పదిహేడు సున్నలయింది. వాల్మీకి రామాయణ యుద్ధకాండలో శుకుడు వానరసేనను రావణునికి వర్ణించేటప్పుడు శంఖం మొదలు ఒక్కొక్క పేరుకూ లక్ష రెట్ల చొప్పున పెంచుకుంటూ మహౌఘం దాకా వెళతాడు. ఇది మన లోపమని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆంగ్లేయుల బిలియన్ కూడా బ్రిటన్‌లో 1974 దాకా ప్రభుత్వ లెక్కల్లో లక్ష కోట్లే. ఆ తరువాతనే అది నూరు కోట్లుగా స్థిరపడింది. పేరు మారవచ్చును, విలువ మారవచ్చును. పదిరెట్ల మెట్టు మాత్రం మారలేదు.

ఈ పేర్లలో ‘సముద్రం’ మనకు నిత్యం కనబడుతూనే ఉన్నది. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ సీమకు ప్రాణాధారం. వరి పండినా, చెరుకు పండినా ఆ నీటి చలువే. జలాశయాల నీటిని మన ఇంజనీర్లు టీఎంసీలలో కొలుస్తారు. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. యజుర్వేద సంఖ్యావరుసలో నూరు కోట్లకు పేరు సముద్రం! అంటే ఒక్కొక్క టీఎంసీ ఒక్కొక్క ‘సముద్రం’. నిర్మించిన నాడు నిజాంసాగర్‌లో దాదాపు ముప్పై సముద్రాల నీరు నిలిచేది. పూడిక చేరి చేరి ఇప్పుడది పద్దెనిమిదికి లోపే. ‘సాగరం’ అన్న పేరు తగ్గలేదు, లోపలి నీరు తగ్గింది. మాటల్లోనూ ఇలాగే పూడిక చేరుతుంది. లక్ష, కోటి అనే మాటల్లో నేడు చేరుతున్న పూడికను గురించి చెప్పడమే నా ఉద్దేశం.

పైనుండి కిందికి దిగే మెట్లు

మన సంప్రదాయంలో సంఖ్య పైకి ఎక్కడమే కాక కిందికి దిగడం కూడా ఉన్నది. మొదట సంకల్పాన్నే చూడండి. అందులో పరార్ధమనే పేరు బ్రహ్మదేవుని ఆయుర్దాయంలో సగానికి చెందినది. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, రాత్రి అంతే. అటువంటి అహోరాత్రాలు 360 అయితే ఒక ఏడు, అటువంటివి నూరేళ్లు. అందులో సగం గడిచి రెండవ సగంలో మనం ఉన్నాము. ఆ సగమే 1,55,52,000 కోట్ల సంవత్సరాలు! అక్కడి నుండి సంకల్పం మెట్టుమెట్టుగా దిగుతుంది. కల్పం, మన్వంతరం, 4,32,000 ఏళ్ల కలియుగం, అందులో మొదటి పాదం, జంబూద్వీపం, భరతవర్షం, గోదావరీ తీరం, ఈ సంవత్సరం, ఈ మాసం, ఈ తిథి, చివరకు మీ గోత్రం, మీ పేరు. కోటానుకోట్ల ఏళ్లతో మొదలైన మాట పీట మీద కూర్చున్న ఒక్క మనిషి దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఆ మనిషి ఇంత కాలంలో ఎంతటివాడో తెలిసి వినయం కలగాలి. అంత కాలమూ తనదాకా వచ్చిందని తెలిసి బాధ్యతా కలగాలి.

బృహదారణ్యకోపనిషత్తులో జనక మహారాజు సభలో శాకల్యుడు యాజ్ఞవల్క్యుని దేవతలు ఎందరని ప్రశ్నిస్తాడు. మూడువందల ముగ్గురు, మూడువేల ముగ్గురు అని మొదటి సమాధానం. మళ్లీ అడిగితే ముప్పై ముగ్గురు. మళ్లీ అడిగితే ఆరుగురు, ముగ్గురు, ఇద్దరు, ఒకటిన్నర, చివరికి ఒక్కడు. సంఖ్య తగ్గుతున్నకొద్దీ సత్యం దగ్గరవుతున్నది.

ఇక మంత్రానుష్ఠానం. ఒక మంత్రాన్ని పురశ్చరణ చేయదలచినవారు అక్షరానికి లక్ష చొప్పున జపించాలని పెద్దలు నియమించారు. శివపంచాక్షరికి ఐదు లక్షలు, ఇరవై నాలుగు అక్షరాల గాయత్రికి ఇరవై నాలుగు లక్షలు. నూటెనిమిది పూసల మాల ఒకసారి తిప్పితే నూరుగానే లెక్కిస్తారు. మిగిలిన ఎనిమిదీ మన పొరపాట్లకు, పరధ్యానానికి విడిచిన తరుగు. జపంతో పని ముగియదు. జపసంఖ్యలో పదోవంతు హోమం, అందులో పదోవంతు తర్పణం, అందులో పదోవంతు మార్జనం, అందులో పదోవంతు భోజనం పెట్టడం. లక్ష జపం చేసినవానికి పదివేల ఆహుతులు, వేయి తర్పణాలు, నూరు మార్జనాలు, పది విస్తళ్లు.

గమనించారా? వేదంలో పదిరెట్లుగా పైకి ఎక్కిన సంఖ్య ఉషస్సు వద్దకు చేరింది. ఇక్కడ పదోవంతుగా కిందికి దిగిన సంఖ్య ఆకలిగొన్నవాని విస్తరి ముందుకు చేరింది. లక్ష అనే మాటకు చివరి గమ్యం పది విస్తళ్లు. ఆ పది లేనిదే లక్ష పూర్తి కాదు.

నా లెక్క తప్పిన రోజు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. సుమారు ఇరవై ఏళ్ల క్రితం మా ప్రాంతంలోని ఒక ఆలయంలో లక్ష కుంకుమార్చన తలపెట్టారు. ఎనిమిది మంది ఋత్విక్కులకు నేను పెద్దను. సహస్రనామావళితో అర్చన ఒక ఆవృత్తి పూర్తి కావడానికి, నామం స్పష్టంగా పలుకుతూ చిటికెడు కుంకుమ సమర్పిస్తూ చేస్తే, నలభై నిమిషాలు పడుతుంది. లక్షకు నూరు ఆవృత్తులు. ఎనిమిది మందికి తలా పన్నెండో, పదమూడో వస్తాయి. విరామం లేకుండా చేసినా ఎనిమిది గంటలు దాటుతుంది. మేము ఉదయం ఎనిమిదింటికి ఆరంభించాము. మధ్యాహ్నం పన్నెండున్నరకు ముఖ్య అతిథి వెళ్లిపోవాలి, ఆ లోపల మంగళహారతి కావాలి అని నిర్వాహకులు కోరారు. మండపానికి కట్టిన బట్ట మీద పెద్ద అక్షరాలతో ‘లక్ష’ అని ఉన్నది.

ఒక్కొక్క ఆవృత్తి ముగిసినప్పుడు పళ్లెంలో ఒక వక్క వేయడం మా అలవాటు. హారతి వేళ నేను పళ్లెం వంక చూశాను. యాభై నాలుగు వక్కలు ఉన్నాయి. అంటే యాభై నాలుగు వేల నామాలు. నలభై ఆరు వేలు మిగిలి ఉండగానే మంగళహారతి ఇచ్చాను. శాలువాలు, సన్మానాలు జరిగాయి. ఎవరూ లెక్క అడగలేదు.

ఒక్కరు అడిగారు. తెల్లవారుజామున వచ్చి, అర్చనకు కావలసిన పూలు, తులసి ఏరి బుట్టల్లో సర్ది, మండపం బయట స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక వృద్ధురాలు. చెరుకు చేలలో కూలికి పోయే మనిషి. నేను పళ్లెంతో బయటకు వస్తుండగా లేచి నిలబడి, “లచ్చ అయినయా అయ్యగారూ?” అని అడిగింది. “అయినయ్ అవ్వా” అన్నాను. ఆమె కళ్లు మూసుకొని నమస్కరించింది. ఆ నమస్కారం నాకు ఈనాటికీ గుర్తే. వేదిక మీద కప్పిన శాలువా ఏ రంగుదో మాత్రం గుర్తులేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. బోధన్ పరిసరాల రైతులను నేను చిన్ననాటి నుండి ఎరుగుదును. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం పేరు దేశమంతటా మారుమ్రోగిన రోజుల్లో, చెరుకు బండ్లు శక్కర్‌నగర్ దారిలో బారులు తీరి ఉండేవి. బండి కాటా మీదకు ఎక్కినప్పుడు రైతు కళ్లు ముల్లు మీదనే ఉంటాయి. ఒక్క క్వింటాలు తేడా వస్తే ఊరుకుంటాడా? ఏడాది కష్టం ఆ అంకెలో ఉన్నది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడిన తరువాత ఆ బారులూ లేవు, కాని కాటా దగ్గర న్యాయం ఉండాలన్న మాట మా పల్లెల్లో అందరూ ఎరిగినదే. మనిషి కాటాలో తరుగును సహించని మనం దేవుని కాటాలో నలభై ఆరు వేలు తగ్గించి ‘లక్ష’ అని తూకం వేశాము. తూచినవాడిని నేనే.

మరునాటి నుండి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున మిగిలిన నలభై ఆరు ఆవృత్తులూ నేనే ఇరవై మూడు రోజుల్లో పూర్తి చేశాను. నలభై ఆరో వక్క పళ్లెంలో వేసిన నాడు, మా ఇంట పది విస్తళ్లు వేసి, ఆ అవ్వను కూడా పిలిచాను. “అవ్వా, లచ్చ ఇయ్యాల అయినయ్” అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, “గట్లనా, మంచిది అయ్యగారూ” అన్నది. ఇంకేమీ అనలేదు. తిని, ఆకు తానే తీసి, వెళ్లింది. ఈ సంగతి ఇంతవరకు నేను బయట ఎక్కడా చెప్పలేదు.

భావం చాలదా?

“భగవంతుడు లెక్కలు చూస్తాడా పంతులుగారూ, భావమే ముఖ్యం కదా” అని కొందరు అంటారు. నిజమే. ఆకో, పువ్వో, పండో, నీరో భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీతాచార్యుడు అభయమిచ్చాడు. ఒక్క ఆకుకు తృప్తిపడేవానికి లక్ష అక్కరలేదు. అందువల్లనే అబద్ధపు లక్ష మరింత అనవసరం. సంఖ్య చెప్పకుండా ‘యథాశక్తి’ అని సంకల్పించుకునే వెసులుబాటు శాస్త్రమే ఇచ్చింది. యథాశక్తి అని నూరు నామాలు పలికినవాడు పూర్తిఫలానికి అర్హుడు. లక్ష అని సంకల్పించి తొంభై తొమ్మిది వేల వద్ద ఆపినవాడు ఋణగ్రస్తుడు. సంఖ్య పలకనంతవరకు అది భక్తి మాత్రమే. పలికిన తరువాత అది మాట. మాట తప్పితే అది సత్యలోపం.

“మరి ఇంతింత సంఖ్యలు ఎందుకు పెట్టారు?” అంటారేమో. ఆ సంఖ్యల్లో మన ఆయుష్షు ఉన్నది కనుక. రామకోటి వ్రాసేవారిని చూడండి. రోజుకు వేయి నామాలు వ్రాస్తే లక్ష పూర్తి కావడానికి నూరు రోజులు. కోటి పూర్తి కావడానికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల పైచిలుకు. పెళ్లయిన ఏడు మొదలుపెట్టిన ఇల్లాలు మనుమలను ఎత్తుకునే వయసుకు ముగిస్తుంది. లక్ష అంటే ఒక ఋతువు దాటిన దీక్ష, కోటి అంటే ఒక జీవితం. ఇంత బరువున్న మాటను ఒక్క పూటలో ముగిసే కార్యక్రమానికి తగిలిస్తే, వంటింటి పక్కన దీపం ముందు కూర్చొని ఇరవై ఏడేళ్లు వ్రాసిన ఆ తల్లి శ్రమకు విలువ ఏమున్నది? నా బాధ అదే.

లెక్క తెలిస్తే మోసపోము. పది మంది ఋత్విక్కులు తలా పది ఆవృత్తులు నలభై నిమిషాల చొప్పున చేస్తే ఏడు గంటలలోపు లక్ష పూర్తవుతుంది. ఇది సాధ్యం. అదే పది మంది కోటి చేయాలంటే నూరు రోజులు కావాలి. ఒక్క రోజులో కోటి కావాలంటే అదే లెక్కన వేయి మంది కూర్చోవాలి. అందరూ కలిసి చేస్తే ఇదీ అసాధ్యం కాదు. ఊరంతా కూర్చొని తలా ఒక సహస్రం చేసి కలిపితే అది నిజమైన కోటి, ఎంతో పుణ్యప్రదం. కావలసినది మందిబలమో, కాలమో. రెండూ లేకుండా మాట ఒక్కటే ఉండరాదు.

మీకు నా మనవి

అందుచేత గృహస్థులైన మీకు మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, మీ ఇంట గాని, మీ కాలనీ గుడిలో గాని సంఖ్యతో కూడిన అర్చన తలపెట్టినప్పుడు ముందుగా కాగితం మీద లెక్క వేయండి. ఎందరు, ఎన్ని గంటలు, ఎన్ని ఆవృత్తులు. కుదరకపోతే సంఖ్య తగ్గించండి, లేదా యథాశక్తి అనండి. అర్చకుని తొందరపెట్టకండి. తొందరపడే అర్చకునికి, ఒకనాటి నాకు, ‘ఎన్ని అయినవి స్వామీ’ అని అడిగే ఒక్క భక్తుడు ఉంటే మేలు చేసినవాడవుతాడు.

రెండవది, పిల్లలకు ఈ పేర్లు నేర్పండి. మిలియన్, బిలియన్ వద్దనడం లేదు, అవీ కావాలి. వాటి పక్కనే అయుతం, నియుతం, ప్రయుతం, అర్బుదం కూడా వారి నోట ఆడనివ్వండి. వచ్చే వినాయక చవితికి సంకల్పంలో పరార్ధం వచ్చినప్పుడు పూజ ఒక్క నిమిషం ఆపి, ‘ఇది ఒక సంఖ్య పేరు నాయనా, దీనికి పన్నెండు సున్నలు’ అని చెప్పండి. ఆ పూట పిల్లవానికి సంకల్పం అర్థమయిన మాటగా మిగులుతుంది. నిజాంసాగర్ కట్ట మీదికి తీసుకువెళ్లినప్పుడు ఒక టీఎంసీ అంటే వేదంలోని ఒక సముద్రమని చెప్పండి. ఇక మరచిపోడు.

మూడవది, లక్ష చేసినా, పదివేలు చేసినా, చివరి మెట్టు మరువకండి. పదోవంతులో పదోవంతుగా దిగిన సంఖ్య ఎక్కడ ఆగాలో అక్కడ ఆగనివ్వండి. ఆ పది విస్తళ్ల ముందు కూర్చునేవారిలో, మీ పూజకు పూలు ఏరినవారు, మండపం ఊడ్చినవారు, మీరు తినే బెల్లానికి, చక్కెరకు చెరుకు నరికినవారు ఒక్కరైనా ఉండేట్లు చూడండి.

పరార్ధం అనే మాటను వ్రాయబోయి చాలామంది పరార్థం అని వ్రాస్తారు. ధకారం ఉన్నది సంఖ్య, థకారం ఉన్నది ఇతరుల కొరకు అనే అర్థం గల మాట. రెండూ వేరు వేరు పదాలు, కలపరాదు. వేదపాఠం చెప్పేవాడిగా శిష్యులు ఈ పొరపాటు చేస్తే దిద్దుతూనే ఉంటాను. అయితే ఆ బోధన్ పిల్లవాడు సెలవు తీసుకునేటప్పుడు తన నోటుపుస్తకంలో వ్రాసి చూపిన మాట కూడా థకారంతోనే ఉన్నది. దిద్దాను. దిద్ది, రెండు మాటలకూ అర్థం చెప్పి, రెండూ గుర్తుంచుకొమ్మన్నాను.

స్వస్తి.